దంపతుల పాదయాత్ర – దాసోహ ధర్మము

శ్రీ గురు బసవలింగాయ నమః



నడక ఎవరికి కొత్త? పొలమునకు నడచువాడు గలడు, సంతకు నడచువాడు గలడు, కోర్టు మెట్లెక్కుటకు నడచువాడును గలడు. ఇవి యన్నియు తనకొఱకు వేసిన అడుగులు. ఒరుల ఆకలికొఱకు అడుగు వేయువాడు అరుదు. ఆలుమగలిద్దఱును కలసి అట్టి అడుగు వేయుట మఱింత అరుదు.

ఈ దినములలో దంపతులు కొండలమీదుగను, సముద్రతీరము వెంబడిని వందలకొలది కిలోమీటర్లు నడచి, ఆ నడక పేరున విరాళములు ప్రోగుచేసి, రోగులకును అనాథలకును ఇచ్చుచున్నట్లు పత్రికలలో చదువుచున్నాము. మన పిల్లలును అట్టి యాత్రలయందు ఉత్సాహము చూపుచున్నారు. పెద్దలలో కొందఱు “ఇది పరదేశపు వేడుక, మనకేల?” అందురు. మఱికొందఱు “ఏదైన నేమి, పుణ్యమే గదా” అని ఊరకుందురు. ఈ రెండు మాటలును సరిగావు. దంపతుల దాసోహయాత్ర మనకు పరాయిది కాదు. అది మన శరణుల యింటి సొత్తు. అయితే నడచినంతమాత్రమున పుణ్యమనుటయు శరణుల మతము కాదు. నడక యెప్పుడు పూజయగును, ఎప్పుడు వట్టి విహారమగును అనునదే మనము విచారింపవలసిన విషయము.

మన ధర్మమున గురువు, లింగము, జంగమము అని మూడు ఆరాధ్యములు గలవు. జంగమమనగా చరించునది. రాతితో కట్టి ఒకచోట నిలిపిన గుడికంటె, కదలి వచ్చి వాకిట నిలిచిన ప్రాణికి బసవేశ్వరులు పెద్దపీట వేసిరి. లింగమును గుడిలోనుండి తెచ్చి మనిషి యెదపై నుంచినది మన ధర్మము. మనిషి యెక్కడికి నడచిన అక్కడికి దేవుడును నడచును. కావున ఇష్టలింగధారియైనవాడు దారిలో వేయు ప్రతి అడుగును గుడిలోని ప్రదక్షిణమే. ఆ మెలకువ లేనినాడు శ్రీశైల శిఖరమునకు పోయినను వాడు కాళ్లు నొప్పి పెట్టుకొన్నవాడే గాని యాత్ర చేసినవాడు కాడు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమునకు వచ్చిన మోళిగె మారయ్యగారి కథ మీరెఱుగుదురు. ఆయన కాశ్మీరదేశపు రాజనియు, ఆయన రాణి మహాదేవియనియు మన సంప్రదాయము చెప్పును. బసవేశ్వరుల కీర్తి విని ఆ దంపతులు రాజ్యమును విడిచి, మంచుకొండల నాటినుండి కల్యాణమువఱకు వచ్చిరి. ఒకసారి ఆ దూరమును తలచి చూడుడు. పల్లకి లేదు, పరివారము లేదు, ఒకరికొకరే తోడు. వచ్చినవారు మఠములో కూర్చుండి సుఖముగా భుజించిరా? లేదు. మారయ్య అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొని అమ్మెను. వచ్చిన దానితో మహాదేవమ్మ అంబలి కాచి జంగమములకు పెట్టెను. ఒకనాడు బసవేశ్వరులు వారింటికి గుప్తముగా వచ్చి, ఆ అంబలి త్రావి, వారి పేదఱికమునకు జాలిపడి తెలియకుండ బంగారము ఉంచి పోయిరట. మారయ్య దానిని చూచి సంతోషింపలేదు. తన శ్రమచేత రానిది తన యింట నిలువరాదని, అంతయు జంగమములకు పంచివేసెను.

ఇందులో మనము గమనింపవలసినది యేమి? కాశ్మీరమునుండి కల్యాణమునకు నడచిన ఆ నడకను శరణులు పొగడలేదు. ఎన్ని ఆమడలు నడచిరో యెవరును లెక్క పెట్టలేదు. నడచి వచ్చినపిదప వారు ఏమి చేసిరో దానినే నిలిపి చెప్పుకొన్నారు. దారి పొడవు దానమునకు కొలత కాదు.

ఇక ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులను స్మరింతము. బసవేశ్వరుల మహామనె ముంగిట నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతో లక్కమ్మ వండి జంగమ దాసోహము చేయును. ఒకనాడు మారయ్య అనుభవమంటపమున శరణుల గోష్ఠిలో మైమఱచి తన కాయకమును మఱచెను. ఇంటనున్న లక్కమ్మ వచ్చి, పనివేళ మించుచున్నదని గుర్తు చేసెను. తత్తరపాటుతో పోయిన మారయ్య నాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ మూట చూచినది. మనకు కావలసినది ఇంతియే గదా, ఈ మిగులు ఆశ యెక్కడినుండి వచ్చినదని అడిగినది. ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని మగని మరల పంపినది.

దానముచేయుటకే తెచ్చిన బియ్యము గదా, ఎక్కువైన నష్టమేమి అని మీరడుగవచ్చును. అక్కడనే యున్నది మర్మము. ఒరులకొఱకని ప్రోగుచేసినది మన చేతిలో ఒక రాత్రి నిలిచినచో, అది మెల్లగా మనదగును. మనకు తెలియకయే అగును. విరాళములకొఱకు నడచు దంపతులకు లక్కమ్మ చేసిన హెచ్చరిక ఇది. కొండ యెక్కుటలో కాలు జాఱుట చిన్న ప్రమాదము. మూట బరువులో మనసు జాఱుట పెద్ద ప్రమాదము. ఆ ప్రమాదమునుండి మగని కాపాడినది ఆలు. ఇంకొకనాడు ఆలిని కాపాడవలసినవాడు మగడు. దంపతులు జంటగా నడుచుటకు శరణమార్గమున గల ప్రయోజనమిదియే. తోడుకొఱకు మాత్రమే కాదు. ఒకరి లోభమునకు ఒకరు కాపలా.

దానమునకును దాసోహమునకును గల భేదమును పిల్లలకు తప్పక చెప్పవలయును. దానమున ఇచ్చువాని చేయి పైన నుండును, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహమనగా “నేను దాసుడను” అని అర్థము. ఇందులో ఇచ్చువాడే క్రింద నుండును. పుచ్చుకొన్నవాడు తన సేవను అంగీకరించి తన్ను ధన్యుని చేసెనని భావించును. ఈ కాలమున తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార మహాస్వాములవారు, 1907లో జన్మించి 2019లో లింగైక్యము చెందువఱకు, అన్నము, అక్షరము, ఆశ్రయము అను మూడు దాసోహములను నడిపిరి. అక్కడ వేలకొలది పిల్లలు, కులమేదియని అడుగువారు లేక, కూర్చుండి భుజించి చదువుకొనుచున్నారు. నూఱేండ్లు దాటినపిదపను స్వాములవారు ఆ పిల్లల భోజనముగూర్చి విచారించుట మానలేదు. దాసుడనుకొన్నవానికి విరమణ లేదు.

ఇవి కన్నడదేశపు కథలని దూరముగా పెట్టకుడు. మన తెనాలి, రేపల్లె, బాపట్ల సీమయును యాత్రికుల పాదముల నెఱిగినదే. తెనాలినుండి రేపల్లెకు పోవు దారిలోని భట్టిప్రోలు స్తూపము, రెండువేల యేండ్లకు పూర్వమే పరివ్రాజకులు ఈ కృష్ణాతీరమున చరించిరనుటకు సాక్షి. రేపల్లెకును బాపట్లకును నడుమనున్న చందవోలు వెలనాటి చోడుల రాజధాని. దాక్షారామప్రాంతమువారైన మల్లికార్జున పండితారాధ్యులు ఆ చోడుని ఆస్థానమున వాదము చేసినట్లును, ఆ పిమ్మట బసవేశ్వరులను దర్శింప బయలుదేరి, వారు లింగైక్యము చెందిన వార్త దారిలో విని శ్రీశైలమున శివునిలో నొదిగినట్లును పాల్కురికి సోమనాథుడు చెప్పెను. సముద్రతీరమునుండి పర్వతమునకు సాగిన ఆ మహనీయుని దారి మన ఊళ్ల మీదుగనే పోయినది.

ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగమును వ్రాసెను. శివరాత్రికి శ్రీశైలము పోవు జనులను అందులో కన్నులకు కట్టించెను. వారు తుమ్మెద పదములు, పర్వత పదములు పాడుచు పోవుచుందురు. ధనికుడు, పేద, వృద్ధుడు, పిల్లవాడు అందఱును ఆ దారినే నడచిరి. నేటికిని ఉగాదికి ముందు కన్నడభక్తులు గుంపులు గుంపులుగా నల్లమల దాటి వచ్చుచున్నారు. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారము మీదుగ సాగు అడవిదారి అది. కొందఱు మరకాళ్లు కట్టుకొని నడతురు. భ్రమరాంబికను తమ యింటి ఆడపడుచుగను, మల్లన్నను అల్లునిగను భావించి చీర సారెలతో వత్తురు. దేవుని జూడబోవుటలో కూడ వారు దంపతులను జూడబోవుచున్నారు! ప్రోలయ వేమారెడ్డి ఆ కొండకు మెట్లు కట్టించెను. మెట్లు కట్టించినవాని పేరు శాసనములో నిలిచినది. ఆ దారిపొడవునను యాత్రికులకు అంబలి, మజ్జిగ, అన్నము పెట్టి, కాళ్లకు నూనె రాచి పంపు కుటుంబముల పేర్లు ఏ రాతిమీదను లేవు. ఎవరిది దాసోహమో మీరే నిర్ణయింపుడు.

మన తెలుగునేలమీదనే మొదలైన మఱియొక పాదయాత్రను గుర్తు చేయుదును. 1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేగారు హరిజనవాడకు పోయిరి. అక్కడి నలువది కుటుంబములవారు తమకు ఎనుబది యెకరముల భూమి యుండిన బ్రతుకుదుమని చెప్పిరి. ఊరివారిని అడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూఱెకరములు ఇత్తునని లేచి నిలిచిరి. అదియే భూదానము. ఆ నడక దేశమంతట సాగెను. ఆ నడకలో కలసిన దంపతులలో తమిళనాటి శంకరలింగం జగన్నాథన్, కృష్ణమ్మాళ్ గారలు ముఖ్యులు. ఆయన కలిగిన యింట పుట్టినవారు. ఆమె భూమి లేని దళిత కుటుంబమున పుట్టినవారు. స్వతంత్రభారతమునగాని వివాహమాడమని వ్రతము పట్టి, 1950లో దంపతులైరి. పెండ్లియైన కొలదికాలమునకే ఆయన వినోబాగారి వెంట నడచుటకు ఉత్తరదేశము పోయిరి. ఆమె ఉపాధ్యాయశిక్షణ ముగించుకొని పిమ్మట ఆ పనిలో చేరిరి. ఇద్దఱును ఊరూర భూమి నడుగుచు తిరిగిరి.

1968 డిసెంబరు 25న తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 44 మంది పేదలు మంటలలో ఆహుతియైరి. ఆ దంపతులు ఆ తూర్పుతీరమునకే పోయి అక్కడ నివాసమేర్పఱచుకొనిరి. 1981లో ‘లాఫ్టి’ అను సంస్థను స్థాపించి, భూమిని ఊరక దోచుకొనుట కాక, యజమానులకు వెల చెల్లించి కొని, భూమిలేని స్త్రీల పేర వ్రాయించిరి. 2008లో వారిరువురకును స్వీడను దేశపు రైట్ లైవ్లీహుడ్ పురస్కారము వచ్చెను. జగన్నాథన్ గారు 2013లో పరమపదించిరి. వారు వీరశైవులు కారు, గాంధేయులు. అయినను లక్కమ్మ పరీక్షలో నెగ్గిన దంపతులు. అడిగి తెచ్చిన భూమిలో ఒక కుంటయు తమకని ఉంచుకొనలేదు. పాదయాత్ర ముగిసినచోట సన్మానమునకు నిలువక, కష్టమున్నచోట కాపురము పెట్టిరి.

ఇప్పుడు మన తీరమును చూతము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన, రేపల్లెకు ఏటి ఆవలనున్న దివిసీమను ముంచివేసెను. సుమారు పదివేలమంది ప్రాణములు పోయెను. ఆనాటి తల్లులు ఈనాటికిని గాలి మాఱిన వెంటనే సముద్రమువైపు చూతురు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్లయొద్దనే తీరము దాటినది. కోసిన వరి పొలములోనే నానిపోయెను. 2024 సెప్టెంబరు మొదట కృష్ణకు వచ్చిన వఱదలో ప్రకాశం బ్యారేజినుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయి, లంకగ్రామములు జలమయములయ్యెను. దేవుని వెదకుచు దూరము పోవువారికి ఒక ప్రశ్న: మన యింటికి ఆమడ దూరమున నీటిలో నిలిచిన జంగమమును దాటి, ఏ కొండమీది లింగమును చూడబోవుచున్నాము?

దూరయాత్రలు వలదని నా భావము కాదు. దారి యిక్కడనుండి మొదలుకావలెనని నా మనవి. తెనాలినుండి రేపల్లెకు రైలుదారి సుమారు 34 కిలోమీటర్లు. వేమూరు, భట్టిప్రోలు మీదుగ రెండు దినములలో నెమ్మదిగా నడువవచ్చును. రేపల్లెనుండి లంకల అంచున తిరిగి, చందవోలు దర్శించి, బాపట్ల చేరి, సూర్యలంక తీరమున సముద్రమునెదుట లింగపూజ చేయవచ్చును. ఓపిక గలవారు అటనుండి పడమటికి మరలి, కోటప్పకొండ, వినుకొండ మీదుగ త్రిపురాంతకము చేరవచ్చును. త్రిపురాంతకము శ్రీశైలమునకు తూర్పు ద్వారము. మన తీరవాసులకు అదియే సహజమైన వాకిలి. అటుపై అడవిదారులలో మాత్రము అటవీశాఖవారి అనుమతియు, గుంపు తోడును లేక పోరాదు.

ఇట్టి యాత్రకు పూనుకొను దంపతులు కొన్ని నియమములు పాటింపవలెను.

మొదటిది, తమ తిండి, తమ బస, తమ చెప్పులు తమ కాయకపు సొమ్ముతోనే జరుపుకొనవలెను. విరాళమునుండి ఒక టీ కూడ త్రాగరాదు. మారయ్య తన గొడ్డలితో బ్రతికెను గాని బసవేశ్వరుల బంగారముతో బ్రతుకలేదు.

రెండవది, ఏ ఊరిలో వచ్చిన సొమ్ము ఆ ఊరిలోనే, వీలైనచో ఆ సాయంకాలమే, అవసరమైనవారికి చేరవలెను. బడికి బల్ల కావచ్చును, రోగికి మందు కావచ్చును, తడిసిన యింటికి కప్పు కావచ్చును. ఇచ్చినవాని యెదుటనే రసీదు వ్రాసి, పదిమంది చూచునట్లు లెక్క చదువవలెను. లెక్క చెప్పుట అవమానము కాదు. లెక్క చెప్పకుండుట అవమానము.

మూడవది, ఆ లెక్కల పుస్తకము ఇల్లాలి చేతిలో నుండవలెను. లక్కమ్మ వారసురాలికి ఆ అధికారము గలదు. మగడు ముందు, ఆలు వెనుక అను వరుస ఈ యాత్రలో పనికిరాదు. ఎవరికి కాలు నొచ్చిన రెండవవారు ఆగవలెను. నెమ్మదిగా నడచువారి అడుగే ఇద్దఱికిని కొలత. ఈ ఒక్క నియమమును పది దినములు పాటించిన దంపతులు ఇంటికి మరలినపిదప కూడ కలహింపరని నా నమ్మకము.

నాలుగవది, పుచ్చుకొనువాని ముఖమును ఫోటోలో బంధింపరాదు. ఆకలిగొన్నవాడు మన దయకు సాక్ష్యము చెప్పవలసిన పనిలేదు. మనము దాసులమైనచో యజమాని బొమ్మను ఊరూర చూపి తిరుగుదుమా?

ఐదవది, పెట్టుచోట పేరు, కులము, మతము అడుగరాదు. అనుభవమంటపమున చెప్పులు కుట్టు హరళయ్యగారును, పడవ నడుపు చౌడయ్యగారును, మంత్రిపదవిలోనున్న బసవేశ్వరులును సమానముగా కూర్చుండిరి. ఆ మంటపపు నీడలో బయలుదేరినవాడు దారిలో వరుసలు ఏర్పఱచినచో, వాడు బయలుదేరనే లేదని అర్థము.

“మేము ముసలివారము, మోకాళ్లు వంగవు, మాకు ఈ ధర్మము లేదా?” అని కొందఱు దంపతులు అడుగుదురు. తప్పక గలదు. నడువలేనివారు నడచువారికి దారిలో నీరు ఇత్తురు గాక. శ్రీశైలపు దారిలో కాళ్లకు నూనె రాచిన తల్లి శిఖరమునకు పోలేదు; శిఖరమే ఆమె వాకిటికి వచ్చినది. పసిపిల్లలు గల దంపతులు ఆదివారమొకటి, రెండు ఊళ్లు చాలును. మంచము పట్టిన మామగారికి సేవచేయు కోడలు ఆ మంచము చుట్టు దినమునకు ఎన్ని అడుగులు వేయుచున్నదో ఎవరు కొలిచిరి? ఆమెదియు పాదయాత్రయే.

మఠములవారికి ఒక విన్నపము. శివరాత్రికో, బసవజయంతికో ముందుగా మీ మఠమునకు చెందిన దంపతులలో రెండు జంటలనైన ఈ విధముగా పంపుడు. ఊరేగింపు వలదు, పూలదండలు వలదు. బయలుదేరునాడు విభూతి పెట్టి పంపుడు. మరలి వచ్చిననాడు లెక్కల పుస్తకమును పదుగురి నడుమ చదివింపుడు. చివర మిగిలిన పైకము “సున్న” అని విన్ననాడు అందఱును చేతులెత్తి మ్రొక్కుడు. ఆ సున్నయే యాత్రాఫలము. మన శరణులు శూన్యమును పరమపదముగా చెప్పిరి గదా! ఇచ్చివేసి ఖాళీయైన చేయి ఆ శూన్యమునకు మొదటి మెట్టు.

ఎన్ని కిలోమీటర్లు నడచితిరని లోకము అడుగును. లక్కమ్మ మాత్రము మూట విప్పి చూపుమని అడుగును. లోకమునకు ఏమి బదులు చెప్పినను సరియే. ఆ తల్లికి బదులు చెప్పగల దంపతులు మన యింటింట వెలయుదురు గాక యని పరమశివుని ప్రార్థించుచున్నాను.

శరణు శరణార్థి.